లూమినాల్ బేస్‌లైన్‌లో రెండు నిమిషాలకో అల: తప్పు పంపుదేనా?

వెలుగు_గీత
మూడు వారాలుగా ఒకే సమస్యతో కుస్తీ పడుతున్నాను. నీటిలో అతి తక్కువ మోతాదులో ఉన్న కోబాల్ట్‌ను కొలవాలి. కాటయాన్ కాలమ్ (లోహ అయాన్లను విడదీసే గొట్టం), దాని గుండా ఆమ్ల ఎల్యుయెంట్ (నమూనాను మోసుకెళ్లే ద్రవం) నిమిషానికి 1.0 మి.లీ. కాలమ్ దాటాక ఒక టీ, అంటే రెండు ద్రవాలు కలిసే T ఆకారపు జాయింట్. అక్కడ క్షార బఫర్‌లో లూమినాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన రీఏజెంట్ వచ్చి చేరుతుంది, అది కూడా 1.0 మి.లీ. కోబాల్ట్ తగిలితే లూమినాల్ వెలుగు పెరుగుతుంది. ఆ తర్వాత చుట్ట ఆకారపు ఫ్లో సెల్, దాని ముందు ఆ వెలుగును కొలిచే ఫోటోమల్టిప్లయర్. రెండు పంపులూ పిస్టన్ పంపులే, కానీ వేర్వేరు మోడళ్లు. రీఏజెంట్‌ది పాతది.

బేస్‌లైన్ (కోబాల్ట్ రానప్పుడు ఉండే సిగ్నల్ గీత) దాదాపు 60 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. దాని మీద సన్నని పళ్ల లాంటి అలలు. వింత ఏమిటంటే ఆ పళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండవు. మెల్లగా పెరిగి దాదాపు 3.8 మిల్లీవోల్టులకు చేరతాయి, మళ్లీ తగ్గి 1.4కి వస్తాయి, మళ్లీ పెరుగుతాయి. సుమారు రెండు నిమిషాలకొకసారి ఇదే వరస. నా అతి తక్కువ స్టాండర్డ్ (తెలిసిన మోతాదు ద్రావణం) ఇచ్చే పీక్, అంటే సిగ్నల్ శిఖరం, ఎత్తు 6. అది ఉబ్బు మీద పడితే ఒక లెక్క వస్తుంది, పల్లంలో పడితే ఇంకో లెక్క.

చేసినవి: గది ఉష్ణోగ్రత తేడా అనుకుని సెల్‌కు థర్మోస్టాట్ పెట్టాను, మార్పు లేదు. ఫోటోమల్టిప్లయర్ వోల్టేజ్ పెంచాను, పీక్‌తో పాటు అలలూ పెరిగాయి. రీఏజెంట్ లైన్‌లో పల్స్ డ్యాంపర్ కొని పెట్టాను, పెట్టినా పెట్టకపోయినా ఒకటే. రీఏజెంట్ పంపు నుంచి పది నిమిషాలు నీళ్లు పట్టి తూచాను, 9.97 గ్రాములు వచ్చింది. అంటే పంపు బాగున్నట్టే కదా? ఇంకెక్కడ వెతకాలి?

చీకటి_పెట్టె
ముందు వెలుతురు లీకేజీ సంగతి తేల్చండి. తెల్ల టెఫ్లాన్ ట్యూబ్ గది వెలుతురును లోపలికి మోసుకొస్తుంది, చాలామంది పట్టించుకోరు. రెండు పంపులూ ఆపేసి పది నిమిషాలు చూడండి. గీత తిన్నగా ఉంటే డిటెక్టర్ మీద అనుమానం వదిలేయొచ్చు.

వెలుగు_గీత
ఆపి చూశాను. గీత గీసినట్టు తిన్నగా ఉంది. లైట్లు వేసినా ఆర్పినా తేడా లేదు, టీ నుంచి సెల్ దాకా నల్ల ట్యూబే వాడుతున్నాను.

ఇంకో విషయం. కాలమ్ పంపు ఆపి రీఏజెంట్ ఒక్కటే నడిపితే పళ్లు ఉన్నాయి కానీ ఉబ్బడం, తగ్గడం లేదు. అన్నీ ఒకే ఎత్తు, దాదాపు 2.6.

పిస్టన్_లెక్క
ఈ చివరి ముక్కలోనే సగం జవాబు ఉంది. రెండు పంపుల మాన్యువల్స్ తీసి స్ట్రోక్ వాల్యూమ్ (పిస్టన్ ఒక్కసారి తోసే ద్రవం) ఎంతో చెప్పండి. కాలమ్ పంపు ప్రెజర్ రీడింగ్ ఎంత ఊగుతోందో కూడా.

వెలుగు_గీత
కాలమ్ పంపు స్ట్రోక్‌కు 100 మైక్రోలీటర్లు. పాతదానికి 95. ప్రెజర్ 118, 121 బార్ల మధ్య ఊగుతోంది. అది మామూలే అనుకున్నాను.

పిస్టన్_లెక్క
లెక్క చూడండి. కాలమ్ పంపు నిమిషానికి 10 స్ట్రోకులు కొడుతుంది, అంటే 6 సెకన్లకొకటి. రీఏజెంట్ పంపు 10.53 కొడుతుంది, 5.7 సెకన్లకొకటి. రెండూ కాస్త తేడాతో నడిచే గడియారాలు. ఒక దశలో రెండింటి తడబాటూ ఒకే క్షణంలో పడి పళ్లు పెద్దవవుతాయి. కొంతసేపటికి ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మళ్లీ కలవడానికి పట్టే సమయం 10.53 నుంచి 10 తీసేస్తే వస్తుంది: నిమిషానికి 0.53 సార్లు, అంటే 114 సెకన్లు. మీ రెండు నిమిషాల అల ఇదే. శ్రుతి కాస్త తప్పిన రెండు తంబూరాలు కలిపి మీటితే వినిపించే ఊగిసలాట లాంటిది.

నమ్మకం కుదరాలంటే రీఏజెంట్‌ను 0.8 మి.లీ.కి తగ్గించండి. అప్పుడు దాని స్ట్రోకులు 8.42 అవుతాయి, తేడా 1.58. ఉబ్బు 38 సెకన్లకొకసారి రావాలి. వస్తే ఉష్ణోగ్రత, కరెంటు, లీకేజీ అన్నీ పక్కన పెట్టేయండి.

మీ తూకం గురించి ఒక మాట. పది నిమిషాలు పట్టి తూచితే తెలిసేది సగటు మాత్రమే. స్ట్రోక్ మారేటప్పుడు అర సెకను ఆగి తర్వాత తొందరపడే పంపు కూడా సగటున సరిగ్గానే ఇస్తుంది. మీ డిటెక్టర్ చూస్తున్నది ఆ అర సెకనునే.

టీ_జంక్షన్
+1. సగటు బాగుందని పంపుకు క్లీన్ చిట్ ఇచ్చేవాళ్లు చాలామంది. నేనూ ఒకప్పుడు ఇచ్చాను, నాలుగు నెలలు పోయాయి.

చీకటి_పెట్టె
పిస్టన్_లెక్క గారూ, ఒక సందేహం. ఇలాంటి పంపులతోనే యూవీ డిటెక్టర్ వాడుతున్నాం, అక్కడ బేస్‌లైన్ అద్దంలా ఉంటుంది. పంపే దోషి అయితే అక్కడ ఎందుకు కనిపించదు?

పిస్టన్_లెక్క
మంచి ప్రశ్న. యూవీ సెల్ చూసేది అందులో ఎంత గాఢత ఉందన్నదే. ద్రవం కాస్త ఆగి కదిలినా గాఢత పెద్దగా మారదు. పైగా అక్కడ నడిచేది ఒకే పంపు.

కెమిల్యూమినిసెన్స్‌లో (రసాయన చర్య నుంచి పుట్టే వెలుగును కొలిచే పద్ధతిలో) మనం చూసేది జరుగుతూ ఉన్న రియాక్షన్‌ను. టీ దగ్గర రెండు ద్రవాలు కలిసిన క్షణం నుంచి వెలుగు పెరగడం, తగ్గడం మొదలవుతుంది. ఒక పంపు తడబడితే ఒకేసారి మూడు మారతాయి: కలిసే పాళ్లు, ఆ మిశ్రమం పీహెచ్, కలిశాక ఎన్ని సెకన్లకు సెల్ ముందుకు వచ్చిందన్నది. వెలుగు_గీత గారి విషయంలో ఎల్యుయెంట్ ఆమ్లం, రీఏజెంట్ క్షారం. పాళ్లు రెండు శాతం జరిగితే పీహెచ్ కూడా జరుగుతుంది, లూమినాల్ వెలుగు పీహెచ్‌ను బట్టి గట్టిగా మారుతుంది. పైగా లూమినాల్‌కు సొంత వెలుగు ఎక్కువ. కోబాల్ట్ రాకముందే 60 మిల్లీవోల్టులు ఉంది. పంపు ఆ 60ని మొత్తంగా ఊపుతోంది.

వోల్టేజ్ పెంచితే లాభం లేకపోవడానికి కారణం కూడా ఇదే. పీక్ ఎంత పెరిగితే ఊపూ అంతే పెరుగుతుంది.

చీకటి_పెట్టె
అర్థమైంది. ముఖ్యంగా పీహెచ్ సంగతి నాకు తట్టలేదు. బఫర్ బలం పెంచితే ఆ భాగమైనా తగ్గుతుంది కదా?

పిస్టన్_లెక్క
తగ్గుతుంది. రీఏజెంట్ బఫర్ కెపాసిటీ ఎల్యుయెంట్‌లోని ఆమ్లాన్ని సులువుగా మింగేసేంత ఉండాలి. డబ్బు ఖర్చు లేని మొదటి మందు అదే.

వెలుగు_గీత
0.8కి తగ్గించి అరగంట నడిపాను. స్టాప్‌వాచ్‌తో పది ఉబ్బులు లెక్కపెట్టాను: 383 సెకన్లు. అంటే ఒక్కోటి 38.3. స్క్రీన్ ముందు కూర్చుని ఒక్కో ఉబ్బూ లెక్క ప్రకారం వస్తుంటే ఒళ్లు జలదరించింది. మూడు వారాలు థర్మోస్టాట్ చుట్టూ తిరిగాను.

టీ_జంక్షన్
అయితే రీఏజెంట్‌ను 0.95 పెట్టేయండి! 95 మైక్రోలీటర్ల స్ట్రోక్‌తో సరిగ్గా నిమిషానికి 10 స్ట్రోకులు. రెండు గడియారాలూ ఒకే సమయం చూపిస్తాయి, ఉబ్బు ఉండదు. పైసా ఖర్చు లేదు.

వెలుగు_గీత
పెట్టాను. నిజంగానే ఉబ్బు పోయింది! పళ్లు ఉన్నాయి కానీ అన్నీ ఒకే ఎత్తు, 1.5. టీ_జంక్షన్ గారూ చాలా థాంక్స్. ఇక రన్లు మొదలుపెట్టొచ్చా?

పిస్టన్_లెక్క
ఆగండి, ఇంకా మొదలుపెట్టకండి. మీరు ఉబ్బును తీసేయలేదు, ఒక చోట నిలబెట్టారు. రెండు పిస్టన్లూ ఇప్పుడు ఏ తేడాతో మొదలయ్యాయో ఆ తేడాతోనే నడుస్తున్నాయి. ఈసారి ఎదురెదురుగా పడ్డాయి కాబట్టి 1.5 వచ్చింది. పంపు ఆపి మళ్లీ వేయండి, ఐదుసార్లు, ప్రతిసారీ పళ్ల ఎత్తు రాయండి.

వెలుగు_గీత
ఐదుసార్లు వేశాను: 3.6, 1.5, 2.4, 3.8, 1.9. మీరు చెప్పిందే నిజం. ఇలాగే రన్లు చేసి ఉంటే ఒక రోజు డేటా ఇంకో రోజుతో కలిసేది కాదు, ఎందుకో ఎప్పటికీ తెలిసేది కాదు.

టీ_జంక్షన్
ఒప్పుకుంటున్నాను, నేను అంత దూరం ఆలోచించలేదు. ఈ ఐదు అంకెలు రాసి గోడకు అంటించుకోవాలి.

సిరంజి_సీను
ఇంత లెక్క దేనికండీ, రీఏజెంట్‌కు సిరంజి పంపు పెట్టండి. పిస్టన్ వెనక్కి రాదు, చెక్ వాల్వ్ (ద్రవాన్ని వెనక్కి రానివ్వని వాల్వ్) ఉండదు, అల ఉండదు. నాకు రుథీనియం బైపిరిడైల్ (ఇంకో కెమిల్యూమినిసెన్స్ రీఏజెంట్) పద్ధతిలో రీఏజెంట్ పంపు మార్చిన రోజే బేస్‌లైన్ సగానికి పైగా శుభ్రపడింది.

రోలర్_రాజు
సిరంజి నింపుకుంటూ కూర్చోవాలి కదా అన్నా. పది మి.లీ. సిరంజి నిమిషానికి ఒక మి.లీ. చొప్పున పది నిమిషాలే. ఆయన రన్ ఎంతసేపో అడిగావా? పెరిస్టాల్టిక్ పంపు పెట్టమనండి, అదే రోలర్లతో మెత్తని ట్యూబ్‌ను నొక్కుతూ తోసేది. రోజంతా నడుస్తుంది, ద్రవం తాకేది ట్యూబ్ ఒక్కటే.

వెలుగు_గీత
రన్ 25 నిమిషాలు.

సిరంజి_సీను
అయితే రెండు సిరంజిలు. ఒకటి తోస్తుంటే ఇంకోటి నింపుకుంటుంది. మారే క్షణంలో వాల్వ్ వల్ల చిన్న గంతు వస్తుంది, దాన్ని పీక్‌లు లేని చోట పడేలా టైమ్ చేయొచ్చు. లేదా 50 మి.లీ. సిరంజి ఒకటి.

పిస్టన్_లెక్క
సిరంజి పంపు అంటే అల అసలే ఉండదనుకోవద్దు. అందులోనూ స్టెప్పర్ మోటార్, లీడ్ స్క్రూ ఉన్నాయి. పెద్ద సిరంజిని చాలా నెమ్మదిగా తోస్తే ఒక్కో స్టెప్ ఒక్కో చిన్న తోపు. స్క్రూ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా చిన్న వంకర కనిపిస్తుంది. సిరంజి సైజు ఫ్లోకు తగ్గట్టు ఉండాలి. పెద్దది తెచ్చి ఎప్పుడో ఒకసారి నింపుకుందాం అనుకుంటే ఆ నెమ్మది వేగంలోనే స్టెప్పులు బయటపడతాయి.

రోలర్_రాజు గారికి: పెరిస్టాల్టిక్‌కు ఒక పెద్ద మేలు ఉంది, దాని పల్స్ వేగం. 8 రోలర్లున్న హెడ్ నిమిషానికి 20 చుట్లు తిరిగితే 160 పల్సులు, అంటే 0.375 సెకన్లకొకటి. ఇది 6 సెకన్ల పల్స్ కంటే వేల రెట్లు మంచిది అనను కానీ, దాన్ని చదును చేయడం చాలా సులువు. సెల్‌లో ద్రవం 3 సెకన్లు ఉంటే 8 పల్సులు అందులోనే కలిసి సగటైపోతాయి.

రోలర్_రాజు
అదే నేను చెప్పేది. ఇంకో చిట్కా: ఒకే హెడ్‌లో రెండు ట్యూబులు వేసి, రోలర్లు సగం తేడాతో తగిలేలా అమర్చి, బయట రెండింటినీ వై జాయింట్‌తో కలపండి. ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి పెరుగుతుంది.

మాంగనీస్_మరక
ట్యూబ్ అరుగుదల సంగతి చెప్పలేదే. పొద్దున నిమిషానికి 1.00 ఉన్నది వారాంతానికి 0.93. పాళ్లు మారితే కెమిల్యూమినిసెన్స్‌లో సిగ్నల్ మారుతుంది, రోజూ క్యాలిబ్రేషన్ తప్పదు. పెరాక్సీఆక్సలేట్ (ఇంకో కెమిల్యూమినిసెన్స్ రీఏజెంట్) వాడేవాళ్లకైతే పెరిస్టాల్టిక్ ఊసే వద్దు. అందులోని అసిటోనైట్రైల్, ఇథైల్ అసిటేట్ మామూలు పీవీసీ ట్యూబ్‌ను గట్టిపరిచి పాడు చేస్తాయి.

రోలర్_రాజు
ఆయన వాడుతున్నది నీళ్ల లూమినాల్. ట్యూబ్ పది రోజులకొకసారి మార్చుకుంటే పోయేదేముంది?

నత్రజని_నాగు
పంపే లేకుండా చేయండి. రీఏజెంట్ సీసాను గ్యాస్ ప్రెజర్‌తో తోయండి, మధ్యలో సన్నని క్యాపిలరీ పెట్టండి. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఇంతకంటే నున్నటి ఫ్లో నేను చూడలేదు.

సిరంజి_సీను
నున్నగానే ఉంటుంది, కానీ నిలకడ? గది వేడెక్కితే?

నత్రజని_నాగు
సరైన పాయింటే. నీటి స్నిగ్ధత గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం తగ్గుతుంది. ఐదు డిగ్రీలు పెరిగితే ఫ్లో పది శాతానికి పైగా పెరుగుతుంది. అందుకే ఆ క్యాపిలరీని థర్మోస్టాట్‌లో పెట్టాలి. వెలుగు_గీత గారు సెల్‌కు పెట్టిన థర్మోస్టాట్ ఇక్కడ అక్కరకొస్తుంది.

రెండు జాగ్రత్తలు. మామూలు గాజు సీసాకు ప్రెజర్ ఇవ్వకండి, అందుకోసం చేసిన ప్లాస్టిక్ పూత సీసానే వాడండి, చెప్పిన పరిమితి దాటకండి. నత్రజని ప్రెజర్ కింద రీఏజెంట్‌లో కరిగి, సెల్ దగ్గర ప్రెజర్ పడగానే బుడగలుగా బయటికి వస్తుంది. హీలియం తక్కువ కరుగుతుంది, దొరికితే అదే వాడండి.

బుడగ_బాబు
బుడగ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పంపు తడబాటును కళ్లతో చూడాలంటే బుడగే మంచి సాధనం. రీఏజెంట్ లైన్‌లో 0.8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పారదర్శక ట్యూబ్ ఒక 30 సెం.మీ. ముక్క పెట్టండి. పక్కన స్కేలు అంటించండి. చిన్న గాలి బుడగను లోపలికి పీల్చనిచ్చి ఫోన్‌తో వీడియో తీయండి. నిమిషానికి 1 మి.లీ. అంటే బుడగ సెకనుకు 33 మి.మీ. నడవాలి. 30 సెం.మీ. అంటే 9 సెకన్లు, మీ పంపు ఒకటిన్నర స్ట్రోక్ అందులో దొరుకుతుంది. బుడగ పోయేటప్పుడు ఒక చోట ఆగుతుంది, ఒక్కోసారి కొద్దిగా వెనక్కి కూడా వస్తుంది. వెనక్కి వస్తే మీ చెక్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు.

చూశాక ఆ బుడగను సెల్‌లోకి వెళ్లనివ్వకండి, టీ ముందే ట్యూబ్ విప్పి బయటికి పంపేయండి.

వెలుగు_గీత
బుడగ_బాబు గారూ, ఇప్పుడే చేశాను. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే స్కేలు మీద 14 సెం.మీ. గీత దగ్గర బుడగ నిలబడింది. నిలబడడమే కాదు, దాని వెనుక అంచు రెండు మి.మీ. వెనక్కి జారింది, తర్వాత ఒక్క గంతుతో ముందుకు పోయింది. ఇన్నాళ్లూ ఆ పంపు శబ్దం విన్నాను కానీ అది ఏం చేస్తోందో చూడలేదు.

పిస్టన్_లెక్క
వెనక్కి జారడానికి కారణం చెప్పనా? మీ రీఏజెంట్ పంపు ముందు ప్రెజర్ దాదాపు లేదు. చెక్ వాల్వ్‌లో రూబీ బంతి సఫైర్ సీటు మీద గట్టిగా కూర్చోవాలంటే పైనుంచి ప్రెజర్ నొక్కాలి. ఒకటి రెండు బార్లకు బంతి బద్ధకంగా దిగుతుంది, ఈలోపు కొంత ద్రవం వెనక్కి పోతుంది. ఈ పంపులన్నీ ఎదురు ప్రెజర్ ఉంటుందనే నమ్మకంతో తయారైనవి. కాలమ్ లేని చోట వాటిని వాడి, అవి సరిగ్గా పని చేయడం లేదని మనం వాటిని నిందిస్తాం.

మీ డ్యాంపర్ పని చేయకపోవడానికీ కారణం ఇదే. డ్యాంపర్ అంటే కొద్దిగా సాగే తిత్తి. పల్స్ వచ్చినప్పుడు ఉబ్బి దాచుకుని, పల్లం వచ్చినప్పుడు వదులుతుంది. దాచుకోవాలంటే దాని తర్వాత దారి ఇరుకుగా ఉండాలి. వెడల్పుగా ఉంటే పల్స్ తిత్తిని పట్టించుకోకుండా నేరుగా వెళ్లిపోతుంది. డ్యాంపర్ తర్వాత ఏ ట్యూబ్ పెట్టారు?

వెలుగు_గీత
0.25 మి.మీ. ట్యూబ్, ఒక మీటర్. డ్యాంపర్ స్పెసిఫికేషన్ బార్‌కు 5 మైక్రోలీటర్లు అని ఉంది.

పిస్టన్_లెక్క
మీ ట్యూబ్‌తో 1 మి.లీ. దగ్గర ఎదురు ప్రెజర్ 1.7 బార్. అదే మీటర్ పొడవు 0.13 మి.మీ. ట్యూబ్ అయితే దాదాపు 24 బార్. వ్యాసం సగమైతే నిరోధం పదహారు రెట్లు, ఇక్కడ 14 రెట్ల దాకా వస్తుంది.

డ్యాంపర్ సాగే గుణాన్ని నిరోధంతో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ వస్తుంది, ఎలక్ట్రానిక్స్‌లో ఆర్‌సీ ఫిల్టర్ లాగే. ఇప్పుడు మీది అర సెకను. 5.7 సెకన్ల పల్స్‌ను అర సెకను ఫిల్టర్ ఏం చేస్తుంది? పది పన్నెండు శాతం తగ్గిస్తుంది అంతే, మీ కంటికి ఆనలేదు. 0.13 పెడితే 7 సెకన్లు దాటుతుంది, అల ఏడెనిమిదో వంతుకు దిగుతుంది. అదే డ్యాంపర్, మారింది ఒక మీటర్ ట్యూబ్.

పైగా ఆ 24 బార్లు చెక్ వాల్వ్ బంతిని కూడా కూర్చోబెడతాయి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

రోలర్_రాజు
ఆ సన్నని ట్యూబ్ కాయిల్ పెరిస్టాల్టిక్ ముందు పెట్టలేం. కొద్ది బార్లు దాటితే ట్యూబ్ జారుతుంది. ఈ ఒక్క విషయంలో పిస్టన్‌కే ఓటు.

చీకటి_పెట్టె
డ్యాంపర్ వాల్యూమ్ వల్ల గ్రేడియెంట్ (రన్ మధ్యలో ఎల్యుయెంట్ పాళ్లు మార్చడం) ఆలస్యం అవుతుంది కదా?

పిస్టన్_లెక్క
కాలమ్ పంపు వైపు అయితే అవుతుంది, అక్కడ డ్యాంపర్ చిన్నదే ఉండాలి. రీఏజెంట్ లైన్‌లో పోయేది ఎప్పుడూ ఒకే ద్రవం, దానికి గ్రేడియెంట్ లేదు. అక్కడ ఎంత పెద్ద డ్యాంపర్ పెట్టినా నష్టం పంపు వేశాక నిలకడకు కాస్త ఎక్కువసేపు పట్టడమే. పోస్ట్ కాలమ్ (కాలమ్ తర్వాత రీఏజెంట్ కలిపే) పద్ధతుల్లో మనకు దొరికే ఉచిత లాభం ఇది, చాలామంది వాడుకోరు.

సిరంజి_సీను
ఒప్పుకున్నా. అయితే పంపు డిజైన్ విషయానికే వస్తే, స్ట్రోక్ చిన్నది చేయడం అసలు మందు కాదా? 20 మైక్రోలీటర్ల స్ట్రోక్ ఉంటే నిమిషానికి 50 స్ట్రోకులు, 1.2 సెకన్లకొకటి. ఆయన పెట్టబోయే డ్యాంపర్, కాయిల్‌తో అది దాదాపు నలభయ్యో వంతుకు పడిపోతుంది. సెల్‌లో 3 సెకన్లు ఉండే ద్రవం మిగిలింది చదును చేస్తుంది.

పిస్టన్_లెక్క
నూటికి నూరుపాళ్లు. నన్నడిగితే కెమిల్యూమినిసెన్స్‌కు పంపు ఎంచుకునేటప్పుడు గరిష్ఠ ప్రెజర్ కాదు, స్ట్రోక్ వాల్యూమ్ మొదట చూడాలి. కొన్ని పంపుల్లో దాన్ని సెట్ చేసుకునే వీలుంటుంది, సెటప్ మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది. సీల్ తొందరగా అరుగుతుంది, వాల్వ్ ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, అది భరించాలి.

మాంగనీస్_మరక
పర్మాంగనేట్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పాలీఫాస్ఫేట్ కలిపిన ఆమ్ల పర్మాంగనేట్‌తో ఫినోలిక్ యాంటీఆక్సిడెంట్లు కొలుస్తాను. అక్కడ సొంత వెలుగు తక్కువ, అందుకే పంపు అల లూమినాల్ అంత బాధించదు. కానీ చెక్ వాల్వ్‌లో మాంగనీస్ డైఆక్సైడ్ గోధుమ రంగు పొరలా పేరుకుంటుంది, బంతి అతుక్కుంటుంది, నిదానంగా పల్స్ పెరుగుతుంది. సాయంత్రం ముందు నీళ్లు, తర్వాత పలుచని ఆక్సాలిక్ ఆమ్లం, మళ్లీ నీళ్లు. ఒక్క రోజు మానేసినా మర్నాడు బేస్‌లైన్ చెప్పేస్తుంది.

నీలి_మెరుపు
పంపు మెటీరియల్ గురించి ఎవరూ అనలేదు. లూమినాల్‌కు స్టీల్ హెడ్ వాడుతున్నారా? కోబాల్ట్, ఇనుము, క్రోమియం, రాగి అయాన్లు లూమినాల్, పెరాక్సైడ్ రియాక్షన్‌ను వేగవంతం చేస్తాయి. మీ పద్ధతి నడిచేదే ఆ గుణం మీద. ఆమ్ల ఎల్యుయెంట్ స్టీల్‌ను ముట్టుకుంటూ వస్తే లోహపు జాడలు దిగుతాయి, కాలమ్ దాటి వచ్చినంత మేర బేస్‌లైన్ పెరుగుతుంది. స్టీల్ మీద పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ బుడగలూ వస్తాయి, అవి వాల్వ్‌లో చిక్కుకుంటే మళ్లీ పల్స్. పీక్ హెడ్, పీక్ ట్యూబ్ పెట్టాక నా బేస్‌లైన్ మూడో వంతుకు దిగింది. 60ని 20 చేస్తే, పంపు ఊపే సరుకే తగ్గిపోతుంది కదా.

(పీక్ అంటే ఇక్కడ ప్లాస్టిక్, క్రొమాటోగ్రామ్‌లో శిఖరం కాదు. కొత్తవాళ్లు తికమక పడతారని చెప్తున్నా.)

వెలుగు_గీత
రెండు పంపులూ స్టీలే. ఇది మాత్రం నాకు మనసుకు తగిలింది. కోబాల్ట్ వెతుకుతూ ఇనుము పోసుకుంటున్నానన్నమాట.

టీ_జంక్షన్
ఆ చివరి మీటర్ సంగతి కూడా చూడండి. టీ నుంచి సెల్ దాకా ఎంత ట్యూబ్ ఉంది? మొత్తం ఫ్లో 2 మి.లీ. కదా, 50 మైక్రోలీటర్ల ట్యూబ్ ఉంటే కలిశాక ఒకటిన్నర సెకను అక్కడే పోతుంది. కోబాల్ట్‌తో లూమినాల్ వెలుగు త్వరగా వచ్చేస్తుంది, మీరు దాని తోకను చూస్తూ ఉండొచ్చు. సెల్ మధ్యలోనే రెండు ద్రవాలూ కలిసేలా చేస్తే వెలుగు మొదటి నుంచీ దొరుకుతుంది.

ఉరకల_నది
అందరూ పల్స్‌ను శత్రువుగా చూస్తున్నారు, నాది వేరే మాట. పల్స్ మంచిగా ఉంటే మిశ్రమానికి మేలు చేస్తుంది. నున్నగా పోయే రెండు ద్రవాలు సన్నని గొట్టంలో పక్కపక్కనే పోతాయి, త్వరగా కలవవు. వెంటవెంటనే చిన్న చిన్న తోపులతో పంపితే సెల్ లోపల సుడి తిరిగి వెంటనే కలుస్తాయి. 2000 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం వాళ్లు పల్స్‌డ్ ఫ్లో పేరుతో కెమిల్యూమినిసెన్స్‌కు ఇదే దారిలో పని చేశారు.

పిస్టన్_లెక్క
ఇది ఒప్పుకుంటాను. తేడా ఎక్కడంటే, వాళ్ల పల్స్ వేగంగా, కొలిచినట్టు, ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఇక్కడ పల్స్ ఆరు సెకన్లకొకటి, రెండు పంపులకు పొంతన లేదు. నెమ్మది పల్స్ మాత్రం ఎవరికీ పనికిరాదు.

చీకటి_పెట్టె
సాఫ్ట్‌వేర్‌లో స్మూతింగ్ వేస్తే పోదా? 6 సెకన్ల మూవింగ్ యావరేజ్.

పిస్టన్_లెక్క
సరిగ్గా 6 సెకన్లు పెడితే 6 సెకన్ల పళ్లు పోతాయి, 5.7వి కూడా చాలావరకు పోతాయి. తాత్కాలికంగా మంచిదే. కానీ పీక్ వెడల్పు తక్కువైతే శిఖరం కుంగుతుంది, పక్కపక్కనున్న రెండు పీక్‌లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఫ్లో మార్చిన ప్రతిసారీ ఆ అంకె కూడా మార్చాలి. ద్రవం దగ్గర పోయే జబ్బును అంకెల దగ్గర దాచొద్దనే నా అభిప్రాయం.

వెలుగు_గీత
పది రోజుల తర్వాత వస్తున్నాను, ఒక్కొక్కటి విడివిడిగా చేశాను కాబట్టి ఆలస్యమైంది.

మొదట 0.13 మి.మీ. కాయిల్ మీటర్ పొడవు, డ్యాంపర్ తర్వాత. రీఏజెంట్ పంపు ప్రెజర్ 23 బార్లు చూపిస్తోంది. బుడగ మళ్లీ వదిలి చూశాను, వెనక్కి జారడం లేదు, ఆగడమూ లేదు. పళ్లు 3.8 నుంచి 1.5కి దిగాయి. ఉబ్బు ఇంకా ఉంది కానీ 0.9, 1.5 మధ్యే. అంటే మిగిలింది కాలమ్ పంపుదే అనిపించింది. 118, 121 మధ్య ఊగుతున్న ప్రెజర్ గుర్తొచ్చింది. ఆ పంపు చెక్ వాల్వులు రెండూ విప్పి ఐసోప్రొపనాల్‌లో పదిహేను నిమిషాలు సోనికేటర్‌లో పెట్టాను. ఒక వాల్వ్ లోంచి కంటికి కనిపించే తెల్లని ముక్క వచ్చింది, సీల్ అరిగిన తునక. సీల్ కూడా మార్చాను. ప్రెజర్ ఇప్పుడు ఒక బార్ లోపలే ఊగుతోంది. పళ్లు 0.7.

బఫర్ బలం కూడా పెంచాను, దాంతో 0.6 అయింది. నా 6 మిల్లీవోల్టుల స్టాండర్డ్‌ను పదిసార్లు ఇంజెక్ట్ చేశాను, పది పీక్‌లూ ఒకేలా నిలబడ్డాయి. ప్రింట్ తీసి బెంచీ మీద పరుచుకుని చాలాసేపు చూశాను.

బుడగ_బాబు
ఆ తెల్ల తునక ఫోటో పెట్టండి, చూడాలని ఉంది!

పిస్టన్_లెక్క
చాలా సంతోషంగా ఉంది. ఇంకో పరీక్ష చేస్తారా? సెల్‌కు, ఫోటోమల్టిప్లయర్‌కు మధ్య వెలుగును నాలుగో వంతుకు తగ్గించే గ్రే ఫిల్టర్ పెట్టండి. మిగిలిన నాయిస్ కూడా నాలుగో వంతుకు పడిపోతే ఇంకా పంపు చేతిలోనే ఉన్నారు. సగానికే పడితే అది ఫోటాన్ల లెక్కింపులోని సహజమైన నాయిస్, అక్కడికి పంపు పని అయిపోయినట్టే.

వెలుగు_గీత
పెట్టాను. 0.6 నుంచి 0.2కి వచ్చింది. అంటే మూడో వంతు. మధ్యలో ఉన్నాను.

నీలి_మెరుపు
అయితే ఇప్పుడు పీక్ హెడ్‌ల వంతు. బేస్‌లైన్ దించాక మళ్లీ ఇదే ఫిల్టర్ పరీక్ష చేసి అంకె ఇక్కడ పెట్టండి.

వెలుగు_గీత
ఆర్డర్ పెట్టాను. రెండు పంపులకూ. స్ట్రోక్ సెట్టింగ్ కోసం కాలమ్ పంపు మెనూ కూడా వెతికాను, ఉంది, 20 దాకా తగ్గించొచ్చు. రేపు పొద్దున మొదట అదే చూస్తాను.